ఈ వారం సమస్య: ఆలుగడ్డ పసిఁడి యయ్యెఁ గనుఁడు

నిర్వాహకుడు: ఎన్నికలొస్తే చాలు, వాట్సాప్ తెరవగానే ఎవరో ఒక నాయకుడు నోరు జారిన వీడియోనే, అందుకే ఈసారి సరుకు అక్కణ్ణుంచే తెచ్చాను. సమస్య అంటే ఆటవెలది పద్యంలో ఈ నాలుగో పాదం, ఇది నాది; పై మూడూ రాసి అర్థం కుదిరేలా పూరించడం మీ వంతు. పార్టీ గొడవలు పెట్టుకుంటే తీసేస్తాను, ముందే చెప్తున్నా.

గోదారి గట్టు: గురువు గారూ, ఇది రాహుల్ గాంధీ ఆలుగడ్డే కదా! 2017 నవంబరులో గుజరాత్ ప్రచారంలో, పాటణ్ సభలో అన్నది. ఇటు ఆలుగడ్డ వేస్తే అటు బంగారం వచ్చే మెషీన్ పెడతానని రైతులకు చెప్పారు అంటూ మోదీని వెక్కిరించాడాయన, ఆ వెంటనే ఇవి నా మాటలు కావు, మోదీ గారి మాటలు అని కూడా అన్నాడు. ఊళ్లు తిరిగిన ముక్కలో ఆ ముందుదీ లేదు, వెనకదీ లేదు. ఇదిగో నా పూరణ:

ఒకరి మాట చెప్ప నొక్కఁడు సభలోన
మొదలు తుదలు కోసి ముక్కఁ బెట్టి
వాట్సపునను జేర్చి వదలిన మఱునాఁడె
ఆలుగడ్డ పసిఁడి యయ్యెఁ గనుఁడు

నిర్వాహకుడు: బాగుంది. ‘మొదలు తుదలు కోసి’ దగ్గర నవ్వొచ్చింది, ఆలుగడ్డ తరిగినట్టే ఉంది. ‘వాట్సపునను’ చూసి వ్యాకరణం వాళ్లు మొహం చిట్లిస్తారు, చిట్లించనీ. అసలు మనం ఇక్కడ చేసే పనీ, ఆ క్లిప్పు కోసినవాడు చేసే పనీ ఒకదానికొకటి తిరగేసినట్టుంటాయి. అర్థం లేని పాదానికి మనం మూడు పాదాలు తగిలించి అర్థం తెస్తాం. వాడు అర్థమున్న నాలుగింట్లో మూడు మింగేసి సమస్య మాత్రం ఊరి మీదికి వదుల్తాడు.

ఓరుగల్లు అక్క: నేను రాజకీయం జోలికి పోలేదు తమ్ముడూ, వంటింటి నుంచే రాసిన.

ధరలు పెరిగి పెరిగి తలకెక్కె నీనాఁడు
కూర వండ లేక కుములు చుండ
రైతు చేతి కేమొ రాదాయె నొకపైస
ఆలుగడ్డ పసిఁడి యయ్యెఁ గనుఁడు

నిర్వాహకుడు: అక్కయ్యా, విషయం పక్కకెళ్లినా పూరణ గట్టిగా నిలబడింది. మూడో పాదం లేకపోతే మామూలు ధరల పద్యమే అయ్యేది. ‘రై’కి ‘రా’ యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత, చెల్లుతుంది, ఎవరూ అడగక్కర్లేదు.

కొత్త లఘువు: మొదటిసారి రాస్తున్నాను, కొంచెం టెన్షన్‌గా ఉంది.

మైకు ముందు జారు మాట పట్టుకొనుచు
టీవి వాళ్ళు రాత్రి పొద్దు దాక
చివరి మాట మిగిలెఁ జెప్పింది పోయెరా
ఆలుగడ్డ పసిఁడి యయ్యెఁ గనుఁడు

గోదారి గట్టు: రెండో పాదం గణాలు సరే, యతి ఎక్కడ బాబూ? ‘టీ’కి ‘పొ’ కుదరదు. పైగా వాళ్లు పొద్దుదాకా ఏం చేశారో చెప్పే క్రియే లేదు. ‘పొద్దు పోవు దాక పూని తిప్ప’ అని చూడు, రెండూ తీరతాయి. టీవీ వాళ్లని పేరు పెట్టి చెప్పకపోయినా తిప్పేది ఎవరో జనానికి తెలుసు.

నిర్వాహకుడు: సవరణ బాగుంది. ‘జెప్పింది పోయెరా’ వాడుక మాటే గానీ ఈ పద్యానికి అదే ప్రాణం, మార్చకు.

జెర్సీ తెలుగోడు: ఆలుగడ్డ అనగానే మా పక్క ఊరి కథ గుర్తొచ్చింది. 1992 జూన్ 15న ఇక్కడి న్యూజెర్సీ ట్రెంటన్‌లో ఒక బడికి అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ వచ్చాడు, ఆ ఏడు మళ్లీ పోటీలో ఉన్నాడు కూడా. పన్నెండేళ్ల కుర్రాడు బోర్డు మీద ‘పొటాటో’ స్పెల్లింగ్ సరిగ్గానే రాస్తే, చివర ఇంకో ‘ఈ’ ఉండాలని చెప్పి మరీ చేర్పించాడు. చేతిలో బడివాళ్లిచ్చిన అట్ట మీద అలాగే తప్పుగా ఉంది మరి! ఆ అట్ట సంగతి ఇవాళ ఎవరికీ గుర్తులేదు, పేరు మాత్రం నేటికీ జోకే.

అట్ట మీద నున్న యచ్చుతప్పును నమ్మి
బాలు తోడఁ దప్పు వ్రాయఁ జేసి
నవ్వులాయె నేత, నవ్వించు వారికి
ఆలుగడ్డ పసిఁడి యయ్యెఁ గనుఁడు

ఓరుగల్లు అక్క: అబ్బ, పసిడి ఎవరికైందో ఇప్పుడు తెలిసింది! మూడో పాదం సగంలో విరిచినవ్ చూడు, అక్కడుంది పద్యం.

నిర్వాహకుడు: ఈ వారం మొదటి స్థానం దీనికే. అట్ట ఉన్నా సరే, ఉపాధ్యక్షుడికి ఆ స్పెల్లింగ్ తెలిసుండాల్సింది కదా అని అడిగే హక్కు జనానికి ఉంది, పద్యం దాన్నీ దాచలేదు.

చండశాసనుడు: అన్నిటికీ ‘ముందూ వెనకా కోసేశారు’ అనే సాకు పనికిరాదండీ. 2019 మేలో ఒక టీవీ ఇంటర్వ్యూలో, బాలాకోట్ దాడి రాత్రి మబ్బులుంటే పాక్ రాడార్ల నుంచి తప్పించుకోవచ్చని తాను సలహా ఇచ్చినట్టు మోదీ చెప్పారు. పూర్తిగా చూసినా అదే మాట, కోసి చూసినా అదే మాట.

నిర్వాహకుడు: ఒప్పుకుంటాను. ఇది ఏ పార్టీ వాళ్లకైనా వర్తిస్తుంది కాబట్టి ఉంచుతున్నా, దీని కింద వచ్చిన తిట్లు మాత్రం తీసేశాను. అసలు వీడియో చూశాక నవ్వితే అది మన ఇష్టం.

ఇక వచ్చే వారానికి తేటగీతి. 2017 ఏప్రిల్ 14న నారా లోకేశ్ అంబేడ్కర్ జయంతిని నోరు జారి వర్ధంతి అన్నది గుర్తుందిగా, పాదం అక్కడిదే, మీరు ఎటైనా తిప్పుకోండి:

పుట్టినదినమ్ముననె కదా పోయె నతఁడు

ఆదివారం రాత్రి దాకా గడువు. కొత్త లఘువూ, ఈసారి యతి చూసుకుని పెట్టు నాయనా.