షోల్డర్-ఇన్ క్లినిక్‌లో వచ్చింది, ఇప్పుడు రావట్లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్

మబ్బుగుర్రం:
పొద్దున ఆరింటి నుంచి తొమ్మిది దాకా గుర్రం మీదే ఉన్నాను. ఒక్క అడుగు సరిగ్గా పడలేదు. మొన్న శని, ఆదివారాలు బయటి నుంచి ఒక ట్రైనర్ వచ్చి డ్రెస్సాజ్ (గుర్రాన్ని పద్ధతిగా అడుగులు వేయించే స్వారీ) క్లినిక్, అంటే రెండు రోజుల శిక్షణ, పెట్టారు. అక్కడ షోల్డర్-ఇన్, అదే గుర్రం ఒళ్లు వంచి భుజాలు లోపలికి తెచ్చి గీత వెంబడి నడవడం, ఎంత బాగా వచ్చిందో, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇప్పుడేమో నా లోపలి కాలు తగిలించగానే మెడ ఒక్కటే లోపలికి తిప్పి, ఒళ్లంతా బయటికి జారిపోతోంది. కాలు గట్టిగా వేస్తే పరుగందుకుంటుంది. పగ్గం పట్టుకుంటే తల ఎగరేస్తుంది. పిచ్చెక్కిపోతోంది. బేసిక్స్ చెప్పకండి, అవన్నీ తెలుసు.

ఉలవచారు:
వీడియో పెట్టండి. ఏ వైపు? కంచె ఉందా?

కళ్లెం_వదులు:
తల ఎగరేస్తోందంటే ముందు నోరు చూడండి మేడమ్. మనవాళ్లు ముక్కుపట్టీ బిగించే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు వేళ్ల సందు ఉండాలని అందరికీ తెలుసు, కానీ వేళ్లు పెట్టి చూసేది చెంప పక్కన. అక్కడ కండ మెత్తగా ఉంటుంది, ఎంత బిగించినా వేళ్లు దూరతాయి. చూడాల్సింది ముక్కు ఎముక మీద. అందుకే ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య) 2025 నుంచి పోటీల్లో దీనికోసం ఒక కొలత పరికరమే పెట్టింది. పళ్లు ఎప్పుడు రాపించారు? పైదవడ పళ్లకు బయటి అంచు కత్తిలా పెరుగుతుంది. మీరు పగ్గం పట్టగానే చెంప లోపలి భాగం దానికి ఒరుసుకుంటుంది. నొప్పితో ఉన్న గుర్రానికి షోల్డర్-ఇన్ నేర్పడమేంటసలు! నిన్న కూడా ఒక రైడింగ్ స్కూల్ ఫొటోలో చూశాను, గుర్రం పెదవులు...

మబ్బుగుర్రం:
ముక్కుపట్టీ వదులుగానే ఉందండీ. పళ్లు ఉగాది ముందు రాపించాం. నేను అడిగింది షోల్డర్-ఇన్ గురించి.

పాత సవారీ:
అమ్మా, మూడు గంటలు గుర్రం మీద కూర్చోవడం ఎక్కడి పద్ధతి? ఈ ఎండల్లో! అది ఎదురు తిరగలేదు, అలిసిపోయింది. నలభై నిమిషాలు చాలు, అందులో ఈ పని పది నిమిషాలు మించకూడదు.

ఇక అసలు సంగతి. మెడ లోపలికి, భుజం బయటికి అన్నావు కదా, అది లోపలి పగ్గం లాగితే వచ్చేదే. షోల్డర్-ఇన్‌లో మెడ తిప్పడం కాదు, భుజాలు రెండూ కలిసి గీత నుంచి లోపలికి రావాలి. బయటి ముందు కాలు, లోపలి వెనక కాలు ఒకే దారిలో పడాలి. ముందు నుంచి చూసేవాడికి మూడు గీతలు కనిపిస్తాయి. కోణం ముప్ఫై డిగ్రీలకు అటూఇటూ. మూలలో పది మీటర్ల సర్కిల్ వెయ్యి. రెండో సర్కిల్‌కి మొదటి అడుగు వేసే క్షణంలో వంపు అలాగే ఉంచి, గీత వెంబడి పోనివ్వు. నాలుగడుగులు రాగానే నేరుగా తీసేసి మెచ్చుకో. నడకలో కుదిరాకే ట్రాట్ (నడకకన్నా వేగంగా వేసే దుడుకు).

హ్యూస్టన్_బావ:
ఆమె చెప్తున్నది వింటే అది షోల్డర్-ఇన్ కాదు, లెగ్-యీల్డ్ (వంపు లేకుండా పక్కకి నడవడం). ఇక్కడ మా బార్న్‌లో అందరూ ఇదే కన్‌ఫ్యూజన్. పైగా మా కోచ్ నాలుగు ట్రాక్‌లు (గీతలు) అంటుంది, మూడు కాదు.

పాత సవారీ:
క్లాసికల్ పద్ధతిలో నాలుగు చేసేవాళ్లు ఉన్నారు బాబూ. పోటీకి వెళ్లే పిల్లకు మూడే చెప్పాలి. లెగ్-యీల్డ్‌లో ఒళ్లు నిటారుగా ఉంటుంది, తల దగ్గర కాస్త మలుపు, ముందు కాళ్లూ, వెనక కాళ్లూ ఒకదాన్నొకటి దాటుతాయి. ఇందులో పక్కటెముకల నుంచి వంపు ఉంటుంది, వెనక కాళ్లు దాటకుండా ముందుకు నడుస్తాయి.

హ్యూస్టన్_బావ:
అదే నేనూ అన్నది. వంపు లేదు కాబట్టి లెగ్-యీల్డే.

పాత సవారీ:
మెడ వంచి భుజం జారితే అది రెండూ కాదు!

మబ్బుగుర్రం:
దాని పేరు ఏదైనా కానీ, బయటికి జారకుండా ఏం చేయాలి? ఎడమవైపే ఎక్కువ. మలక్‌పేటలో పోయినేడాది దాకా రేసులు పరిగెత్తిన గుర్రం ఇది, థరోబ్రెడ్ (రేసుల జాతి).

చిత్తూరు_సవారీ:
ఆ ముక్క ముందే చెప్పాల్సింది అక్కా. రేసు గుర్రానికి పగ్గం బిగిస్తే బిట్ (నోట్లోని కళ్లెం కడ్డీ) మీద ఆనుకుని ఉరకమని అర్థం. మీరు ఆపుతున్నాననుకుంటే అది గేర్ మార్చమంటున్నారనుకుంటోంది.

హ్యూస్టన్_బావ:
థరోబ్రెడ్‌తో డ్రెస్సాజ్ టైమ్ వేస్ట్. 2023 ఆసియా క్రీడల్లో మనకు 41 ఏళ్ల తర్వాత గుర్రపు స్వారీలో స్వర్ణం తెచ్చిన నలుగురూ యూరప్‌లో ఉండి తయారైనవాళ్లే. గుర్రాలూ అక్కడివే.

చిత్తూరు_సవారీ:
1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హిల్డా గర్నీ ఎక్కిన కీన్ థరోబ్రెడ్డే బావగారూ. మీ అమెరికాకే టీమ్ కాంస్యం.

కళ్లెం_వదులు:
రేసు గుర్రమంటే వీపు ఆకారం మారుతూ ఉంటుంది, జీను మళ్లీ చూపించాలి. దీని గురించి వేరే పెద్ద పోస్టు రాస్తాను.

ఉలవచారు:
కంచె ఉందా అని అడిగాను.

మబ్బుగుర్రం:
లేదు. క్లినిక్ జరిగింది వేరే చోట, చుట్టూ కంచె ఉన్న ఇరవై-అరవై మీటర్ల అరీనా. మాది ఖాళీ స్థలం, సున్నంతో గీతలు గీశాం. అక్కడ కూడా మొదట ట్రైనరే ఎక్కి కాసేపు చేయించారు, తర్వాత నేను. ఇది ముఖ్యమా?

ఉలవచారు:
అదే ముఖ్యం.

పాత సవారీ:
బయటి భుజాన్ని అక్కడ కంచె ఆపిందమ్మా, నువ్వు కాదు. ఇక్కడ ఆ పని బయటి పగ్గానిది. గీత బయట వరసగా కర్రలు పరిచి పెట్టు. చదరం అంచులున్నవి చూసుకో, గుండ్రటి వాటి మీద కాలు పడితే దొర్లి గుర్రం మడమ మెలిపడుతుంది. నాలుగడుగులు వచ్చాక లోపలి పగ్గం రెండడుగులు పూర్తిగా వదిలి చూడు. వంపు నిలిచిందా, బయటి పగ్గం, లోపలి కాలు పనిచేస్తున్నట్టే. మెడ తిన్నగా అయిపోయిందా, ఇంతసేపూ చేత్తో లాగి నిలబెట్టావన్నమాట. ఇక ఎడమవైపు ఎక్కువంటావా, ప్రతి గుర్రానికీ ఒక వైపు వంకర ఉంటుంది. కుడి పగ్గంలో బరువు సమంగా ఉందో లేదో గమనించు.

హ్యూస్టన్_బావ:
లోపలి పగ్గం వదిలితే రేసు గుర్రం పారిపోదా?

చిత్తూరు_సవారీ:
నడకలో ఎక్కడికి పారిపోతుంది బావగారూ.

మబ్బుగుర్రం:
కర్రలు వేశాం. నడకలో ఎడమవైపు కొన్ని అడుగులు వచ్చాయి, ట్రాట్‌లో ఇంకా లేదు. థాంక్స్ అండీ అందరికీ. వీడియో తర్వాత పెడతా.

గుంటూరు_గిట్టలు:
ఆ క్లినిక్ మళ్లీ ఎప్పుడు? ఫీజు ఎంత తీసుకున్నారు?