.303 తూటా కేసు (ఇత్తడి డొల్ల) అడుగు దగ్గర తెగుతోంది, తుపాకీమందు తగ్గించాలా?

ప్రశ్న:
నాది నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్, బ్రిటిష్ సైన్యపు పాత రైఫిల్. మళ్లీ నింపిన కేసులకు మూడో కాల్పుకే అంచు పైన సుమారు సెంటీమీటరు ఎత్తులో మెరిసే గీత చుట్టూ పడుతోంది. ఒక కేసు అక్కడే తెగి ముందు ముక్క చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) ఉండిపోయింది. మందు మాన్యువల్‌లో ఉన్న కనీస తూకమే, ప్రైమర్లు (అడుగున నిప్పు పుట్టించే మూతలు) చదును కాలేదు, అంటే పీడనం ఎక్కువైనట్టు లేదు. ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ డైలో (కేసు మొత్తాన్ని నొక్కి పాత కొలతకు తెచ్చే అచ్చు) సైజ్ చేస్తున్నా. ఇంకా తగ్గించాలా?

జవాబు 1:
మందు జోలికి పోకండి, తప్పు డై దగ్గరుంది. .303 ఆనేది అడుగున ఉన్న అంచు మీద, భుజం (మెడ కింది ఏటవాలు భాగం) మీద కాదు. బురద అంటిన తూటా కూడా దిగాలని సైన్యం చాంబర్లలో భుజం ముందు ఖాళీ బాగా వదిలారు. పేలగానే కేసు గోడలు చాంబర్‌ను కరుచుకుంటాయి, అడుగు మాత్రం వెనక్కి జరిగి బోల్టుకు (చాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) తగులుతుంది. మధ్యలో ఇత్తడి సాగి పలచబడుతుంది. భుజమేమో ముందుకెళ్లి చాంబర్ ఆకారం తీసుకుంటుంది. మీరు దాన్ని మళ్లీ వెనక్కి నొక్కేస్తున్నారు. ఒకేచోట అన్నిసార్లు సాగితే తెగక ఏమవుతుంది?

ఇకనుంచి మెడ మాత్రమే సైజ్ చేయండి, ఆ కేసులు ఆ రైఫిల్‌కే వాడండి. గీత పడినవి పారేయండి. గీత కనిపించనివాటికి సన్నటి తీగ కొసను వంచి, లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగి చూడండి. కొస గాడిలో దిగినట్టు తగిలితే ఆ కేసు పని అయిపోయినట్టే.

జవాబు 2:
పై మాట సరైనదే. హెడ్‌స్పేస్ (బోల్టు ముఖానికీ, అంచు ఆనే చోటుకూ మధ్య దూరం) కూడా చూపించండి. 0.064 అంగుళం గేజి మీద బోల్టు మూసుకోవాలి, 0.074 మీద మూసుకోకూడదు. మూసుకుంటే కాల్చడం ఆపేయాలి. నంబర్ 4లో బోల్ట్ హెడ్ (బోల్టు ముందు ముక్క) విడిగా ఊడుతుంది, పొడవును బట్టి 0 నుంచి 3 దాకా అంకెలుంటాయి. అంకెను నమ్మి మార్చొద్దు, మైక్రోమీటరుతో కొలిచి మార్చండి.

గుండు సంగతీ చూడండి. ఈ కేసు 1888లో నల్లమందుకు పుట్టింది, కార్డైట్ (పొగ రాని మందు) తర్వాత వచ్చింది. దాని మంటకు మెట్‌ఫర్డ్ రైఫ్లింగ్ (గొట్టం లోపల లోతు తక్కువ మెలిక గాడులు) అరిగిపోయి, 1895లో లోతైన ఎన్‌ఫీల్డ్ గాడులు తెచ్చారు. అలా అరిగిన గొట్టాల్లో తోక సన్నగిల్లిన గుండు కంటే అడుగు చదునుగా ఉన్నదే బాగా పడుతుంది. పీడనానికి దాని అడుగు ఉబ్బి సందు మూస్తుంది.

అడిగినవారు:
మిలిటరీ మార్క్ 7 తూటాలు అడవిపందికి పనికొస్తాయాండీ?

జవాబు 1:
వద్దండీ. 1910 నాటి ఆ 174 గ్రెయిన్ల (సుమారు 11 గ్రాముల) గుండులో ముందు అల్యూమినియం, వెనక సీసం. బరువంతా తోకవైపే కాబట్టి తగిలాక అడ్డం తిరుగుతుంది గానీ విచ్చుకోదు. ఎటు తిరుగుతుందో ముందే చెప్పలేం. చాలా దేశాల వేట చట్టాలు పూర్తి తొడుగున్న ఇలాంటి గుండ్లను ఒప్పుకోవు. విచ్చుకునే గుండ్లను 1899లో హేగ్ సమావేశంలో యుద్ధానికి నిషేధించారు, వేటకు కావలసింది మాత్రం అదే. 180 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర సీసం బయటికి ఉండి విచ్చుకునే గుండు) తీసుకోండి.

పాత తూటాలు గురి సాధనకు కాలిస్తే ఒక్కటి మరవొద్దు. వాటి ప్రైమర్‌లోని క్లోరేట్ గొట్టంలో ఉప్పు మిగులుస్తుంది, అది నూనెకు కరగదు. అదేరోజు వేడినీళ్లు పోసి కడిగి, తుడిచి ఆరబెట్టాకే నూనె పట్టించండి.