షిఫ్ట్ అయిపోయినా చాట్‌లో పచ్చలైటు: ఆటో లాగౌట్ పెట్టాలా, వద్దా?

మూసీ ఒడ్డు: తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్ల కోసం, అంటే దోస్త్ అనే ఆన్‌లైన్ సైటులో పెట్టే దరఖాస్తుల కోసం, మన వాలంటీర్లు నడిపే చాట్ గురించి ఈ చర్చ. షిఫ్ట్ రాత్రి 8కి అయిపోతుంది. చాలామంది లాగౌట్ మరిచి ఇంటికి వెళ్లిపోతున్నారు. అవతల పిల్లలకు మాత్రం ‘సలహాదారు అందుబాటులో ఉన్నారు’ అనే కనబడుతుంది. మొన్న దేవరకొండ వైపు అమ్మాయి వెబ్ ఆప్షన్ల గురించి, అంటే కాలేజీ, కోర్సు ఎంచుకోవడం గురించి అడిగి, ‘సార్ ఉన్నారా’, ‘మేడమ్ ఉన్నారా’ అని రాసి రాసి వెళ్లిపోయింది. 10 నిమిషాలు ఏమీ టైప్ చేయకపోతే దానంతట అదే లాగౌట్ కావాలి.

పాలమూరు లెక్కల సార్: వద్దు. కుల ధ్రువీకరణ పత్రం నంబరు చెప్పమంటే పిల్లవాడు బీరువా అంతా వెతికి వచ్చేసరికి పావుగంట పడుతుంది. అంతసేపు నేను ఏమీ టైప్ చేయను, కానీ అక్కడే ఉంటాను. నన్ను బయటకు తోసేస్తే వాడొచ్చి ఎవరితో మాట్లాడాలి?

మూసీ ఒడ్డు: సరే, 15 నిమిషాలు.

పాలమూరు లెక్కల సార్: 20 అయినా అదే కదా!

హాలియా కాలువ: ల్యాప్‌టాప్ మూత వేసి పోతే సరిపోదా అన్నా?

కృష్ణాతీరం: చాలావరకు సరిపోతుంది తమ్మీ. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోతే సర్వర్‌కు సంకేతాలు ఆగిపోతాయి. కొంతసేపు చూసి సర్వరే ‘లేరు’ అని మార్చేస్తుంది. చిక్కంతా సెంటర్‌లోని డెస్క్‌టాప్‌లతో. మానిటర్ ఒక్కటి ఆపి పోతారు, లోపల ట్యాబ్ తెరిచే ఉంటుంది, సంకేతాలు పోతూనే ఉంటాయి. దీనికి తోడు, 2021 నుంచి క్రోమ్ బ్రౌజర్ వెనక పడి ఉన్న ట్యాబుల టైమర్లను, అంటే ఆ సంకేతాలను పంపించేవాటిని, చాలాసార్లు నిమిషానికి ఒక్కసారే నడవనిస్తోంది. దోస్త్ సైట్ ముందు తెరిచి చాట్‌ను వెనక పెట్టినవాళ్లు పనిలోనే ఉంటారు. సర్వర్ తొందరపడితే వాళ్లను కూడా తీసేస్తుంది. అందుకే టైపింగ్‌ను చూడొద్దు, ప్రశ్నను చూడాలి. కొత్త ప్రశ్న వచ్చిన నిమిషంలోపు తీసుకోకపోతే ఆ సలహాదారును ‘లేరు’ అని మార్చి, ప్రశ్నను రెండోవారికి పంపాలి. ఎవరూ లేకపోతే ఫోన్ నంబరు రాయించుకోవాలి.

అచ్చంపేట అక్క: మా చెల్లెలి బిడ్డకు మొదటి విడతలో సీటు వచ్చింది. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఆ సీటు తీసుకుంటున్నానని ఖాయం చేయడం, ఎట్లా చేయాలో తెలియక ఒక కాలేజీ చాట్‌లో అడిగింది. పచ్చలైటు ఉంది కదా, ఇప్పుడో అప్పుడో చెబుతారని కూర్చుంది. గడువు దాటింది, సీటు పోయింది. తర్వాతి విడతలో ఆ కోర్సు దొరకలేదు. ఎవరూ లేరని అక్కడ రాసి ఉంటే ఆ సాయంత్రమే నెట్ సెంటర్‌కు పోయేది. లేనప్పుడు లేమని చెప్పండి, అంతే.

మూసీ ఒడ్డు: అక్క చెప్పింది విన్నారుగా. మరిచిపోయినవాళ్ల పేర్లు రోజూ వాట్సాప్ గ్రూపులో పెడదాం.

పాలమూరు లెక్కల సార్: పేర్లా? పైసా తీసుకోకుండా, బడి అయిపోయాక వచ్చి కూర్చునేవాళ్ల పేర్లా? అట్లా పెడితే నేను రేపటి నుంచి రాను.

మూసీ ఒడ్డు: జీతం లేదని పిల్లల్ని గాలికి వదిలేయాలా సార్?

పాలమూరు లెక్కల సార్: వదిలింది ఎవరు? దాచకుండా అడుగుతున్నాను. లైటు ఆరితే ఏం తెలుస్తుంది? 8 తర్వాత ఇక్కడ మనిషే లేడని. కరపత్రం మీద ‘రాత్రి 10 వరకు’ అని అచ్చు వేయించింది మీరు. జూన్‌లో పిల్లలు పత్తి గింజలు పెట్టే పనికి పోయి, ఇంటికొచ్చి తిని, ఫోన్ పట్టుకునేసరికి ఎనిమిదిన్నర. ఆ వేళకు మనిషిని పెట్టమని మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను. మీరు లాగౌట్ గురించి మాట్లాడుతున్నారు.

మూసీ ఒడ్డు: కరపత్రం వేసినప్పుడు రాత్రికి ఇద్దరు ఒప్పుకున్నారు, తర్వాత మానేశారు. రాత్రి చాట్ లేదని తెలిస్తే ఇంటర్నెట్ ఖర్చు ఇచ్చేవాళ్లు కూడా వెనక్కి పోతారని నా టెన్షన్. అది మీకు పట్టదు.

అచ్చంపేట అక్క: టెన్షన్ మీది, సీటు పోయేది పిల్లలది.

కృష్ణాతీరం: ప్రశ్నను బట్టి మార్చే పద్ధతి ఆదివారం పెట్టేస్తాను. షిఫ్ట్ ముగిసేటప్పుడు ‘ఇంకా ఉన్నారా?’ అని అడుగుతుంది, నొక్కకపోతే లాగౌట్. కానీ ఎవరూ ఉండకపోతే 8 తర్వాత ‘లేరు’ అనే చూపిస్తుంది. సమ్మతమేనా మూసీ ఒడ్డు గారూ?

హాలియా కాలువ: మంగళ, గురువారాలు 8 నుంచి 10 దాకా ఇంటి నుంచే నేను చూస్తాను.

మూసీ ఒడ్డు: మిగతా రోజులకు?

పాలమూరు లెక్కల సార్: మిగతా రోజులకు కరపత్రం మార్చండి.