అప్‌డేట్: మా కుక్క ఎందుకు చిక్కిపోతోందో తెలిసింది

మా ఏడాదిన్నర జర్మన్ షెపర్డ్ ఎంత తిన్నా పక్కటెముకలు తేలుతున్నాయని, విరేచనాలు ఆగట్లేదని అడిగాను కదా. నులిపురుగులు లేవు. డాక్టర్ ఖాళీ కడుపున రక్తం తీసి, క్లోమం (పాంక్రియాస్) సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టీఎల్‌ఐ పరీక్షకు పంపారు. ఫలితం లీటరుకు 2.5 మైక్రోగ్రాముల లోపుంటే క్లోమం జబ్బు ఉన్నట్టే. మావాడికి 1 కూడా లేదు. క్లోమం ఎంజైములు సరిపడా తయారు చేయట్లేదు, అందుకే తిన్నది అరగక కుప్పలుగా, జిడ్డుగా, పాలిపోయిన రంగులో బయటికి పోయేది. ఈ జాతిలో ఇది ఎక్కువట. బి12 కూడా తక్కువే, ఇంజెక్షన్లు ఇస్తున్నారు.

ఇప్పుడు ప్రతి పూటా తిండిలో ఎంజైమ్ పొడి కలుపుతున్నాం, జీవితాంతం తప్పదు. మలం గట్టిపడింది. తన మలం తానే తినే పాడలవాటూ పోయింది, హమ్మయ్య! నడుం ఎముకలు చేతికి ఇంకా తగులుతున్నా, బరువు మెల్లగా పెరుగుతోంది. టీఎల్‌ఐ చేయించమన్నవాళ్లకి చాలా థాంక్స్.