రక్తపు గడ్డ మధ్యలో ప్లేట్‌లెట్లు లేవా, నాకే కనిపించట్లేదా?

మద్దిలపాలెం అమ్మాయి:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు. సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపేది) ట్యూబులో తెచ్చిన రక్తానికి కాల్షియం క్లోరైడ్ కలిపి గడ్డ కట్టించాను. తర్వాత ప్లేట్‌లెట్ల మీదుండే సీడీ41 ప్రోటీన్‌కి అంటుకునే యాంటీబాడీ (ఆకుపచ్చ రంగు, 488 నానోమీటర్ల లేజర్) పోసి కాన్ఫోకల్ మైక్రోస్కోపు కింద పెట్టాను. అంచంతా మెరుస్తోంది, లోపలికి వెళ్తే చీకటే. మా గైడ్ గారేమో "ప్లేట్‌లెట్లు అంచునే ఉంటాయమ్మా, రాసెయ్" అంటున్నారు. రాసెయ్యొచ్చా?

గాజువాక కుర్రాడు:
గెయిన్ (సిగ్నల్‌ని పెద్దది చేసే సెట్టింగు) పెంచి చూడండి. లేజర్ పవర్ కూడా.

పెదవాల్తేరు తాత:
గెయిన్ పెంచితే చీకటి పోయి నాయిస్ వస్తుంది బాబూ, ప్లేట్‌లెట్లు రావు.

అమ్మా, మీ గైడ్ గారు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ప్లేట్‌లెట్లు గడ్డను అల్లే ఫైబ్రిన్ దారాలను పట్టుకుని లాగితే గడ్డ కుదించుకుపోతుంది. అప్పుడు ఎర్రకణాలు మధ్యలో సింహాచలం చందనోత్సవం క్యూలో జనంలా ఇరుక్కుని, గుండ్రటి రూపం పోయి పలకలు తేలతాయి. ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ ఎక్కువగా అంచుకు చేరతాయి. 2014లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు చూపించారు ఇది.

కానీ నీ బొమ్మ దానికి సాక్ష్యం కాదు. అంత బిగుసుకున్న గడ్డలోకి పైనుంచి పోసిన యాంటీబాడీ దిగడం కష్టం. దిగినా, నీలం, ఆకుపచ్చ కాంతిని హిమోగ్లోబిన్ మింగేస్తుంది. మధ్యలో ప్లేట్‌లెట్లు ఉన్నా నీకు ఇదే చీకటి కనిపించేది.

గడ్డను ఫిక్స్ చేసి (రసాయనంతో గట్టిపరచి), రెండుగా కోసి, కోసిన ముఖానికి రంగు వెయ్. అప్పుడూ మధ్య చీకటిగానే ఉంటే ధైర్యంగా రాసుకో. రంగు కూడా 647 నానోమీటర్ల ఎరుపు కాంతితో వెలిగేదానికి మార్చు, ఆ ఎరుపును హిమోగ్లోబిన్ పెద్దగా పట్టించుకోదు.

మద్దిలపాలెం అమ్మాయి:
థాంక్యూ తాతగారూ. గడ్డ కట్టకముందే యాంటీబాడీ కలిపేస్తే సరిపోదా?

పెదవాల్తేరు తాత:
కలపొచ్చు, కానీ సీడీ41 అంటే ఫైబ్రినోజన్‌ను (ఫైబ్రిన్‌గా మారే ప్రోటీన్) పట్టుకునే గ్రాహకంలో సగభాగం. కొన్ని యాంటీబాడీలు ఆ పట్టునే అడ్డుకుంటాయి. గుండె రోగులకు ఇచ్చిన అబ్‌సిక్సిమాబ్ మందు చేసే పని అదే. అప్పుడు గడ్డే సరిగా కుదించుకోదు, నువ్వు చూడాలనుకున్నదే మారిపోతుంది. అడ్డుకోని క్లోన్ (యాంటీబాడీ రకం) దొరికితే వాడు.

ఇంకొకటి. సీడీ41 ప్లేట్‌లెట్లన్నిటి మీదా ఉంటుంది. ఉత్తేజితమైనవి ఏవో తెలియాలంటే పక్కనే పీ-సెలెక్టిన్ అనే ప్రోటీన్‌కి వేరే రంగు వెయ్. అది లోపలి ఆల్ఫా రేణువుల్లో దాక్కుని, ప్లేట్‌లెట్ రేగినప్పుడే పైకొస్తుంది.

గాజువాక కుర్రాడు:
నేను శాంపిల్ బండి మీద ఐస్ బాక్సులో తెస్తుంటాను. పర్లేదా సార్?

పెదవాల్తేరు తాత:
ఐస్ వద్దు. చలికి ప్లేట్‌లెట్ల ఆకారమే మారిపోతుంది. బ్లడ్ బ్యాంకులో వాటిని 20–24 డిగ్రీల్లో ఎందుకు ఉంచుతారనుకున్నావ్? అలాగని మే నెల ఎండలో డిక్కీలోనూ పడెయ్యకు.

మద్దిలపాలెం అమ్మాయి:
కొయ్యడానికి క్రయోస్టాట్ (బాగా చల్లబరిచి పలచగా కోసే యంత్రం) కావాలా? మా దగ్గర లేదు.

పెదవాల్తేరు తాత:
అక్కర్లేదు. పారాఫార్మాల్డిహైడ్‌లో గట్టిపడ్డాక కొత్త సర్జికల్ బ్లేడు చాలు. ఒక్క కోతలో తెగాలి, రంపంలా ఆడించకు, అంచున ఉన్నవి మధ్యకి అంటుకుంటాయి. నీ యాంటీబాడీ ఫిక్స్ చేసిన కణాల మీద పనిచేస్తుందో లేదో ముందు డేటాషీట్ చూడు.