కొత్త పోత ఇనుము పెనం బంక వదలడం లేదు, ఏం చేసేది?

కొర్లగుంట ఇల్లాలు: మధ్యాహ్నం 1 గంట నుంచి దీంతోనే ఉన్నాను, ఇప్పుడు ఆరున్నర. గాంధీ రోడ్డులో 12 అంగుళాల పోత ఇనుము పెనం కొన్నాను. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, శెనక్కాయల నూనె బాగా పట్టించి వేడి చేశాను, చల్లారాక మళ్ళీ నూనె, మళ్ళీ వేడి, అట్లా 4 సార్లు. నడుమ నల్లగా బాగానే ఉంది, చుట్టూ మాత్రం బంక, వేలు పెడితే అంటుకుంటోంది. దోసె వేస్తే అట్లకాడకి ముక్కలుగా వచ్చింది. రేపు పొద్దున మా అత్తామామలు వస్తున్నారు, పిండి రుబ్బిపెట్టేశాను. టెన్షన్‌గా ఉంది.

మంగళం రోడ్డు: నూనె ఎక్కువైంది. పీచుతో తోమి మళ్ళీ మొదలుపెట్టండి.

పీలేరు రైతు: శెనక్కాయల నూనె అంటున్నారు, గానుగదా రిఫైన్డా? గానుగ నూనెకి తక్కువ వేడికే పొగ వస్తుంది, ఈ పనికి రిఫైన్డే మేలు. కానీ వంటకి గానుగ నూనే వాడండి. ఇన్నేళ్ళుగా శెనక్కాయ పండించే ప్రాంతం మనది, మన ఇళ్ళలోనే పామాయిల్ ప్యాకెట్లు చూస్తుంటే నాకు బాధేస్తుంది.

చిత్తూరు అమ్మమ్మ: తల్లీ, కొత్త దోసెకల్లులో గంజి పోసి మూడు రోజులు ఉంచాలి, రోజూ మార్చాలి. తర్వాత నూనె రాసి ఉల్లిపాయతో రుద్దాలి. ఒక్క పూటలో అయ్యే పని కాదు.

మంగళం రోడ్డు: మూడు రోజులు తడిలో ఉంటే తుప్పు పడుతుంది.

రేణిగుంట మాస్టారు: కల్లు అంటే అరవంలో రాయి, మనది పెనం. పైగా అమ్మమ్మగారు చెప్పేది రేకు పెనం గురించేమో. రేకుది కింద పడితే సొట్ట పడుతుంది, పోతది పగులుతుంది. రెండూ ఒకటి కాదు.

చిత్తూరు అమ్మమ్మ: మాది కింద పడి చెవి విరిగింది నాయనా. పోతదే.

పలమనేరు: అక్కా, ఏ పొయ్యి మీద కాల్చారు?

కొర్లగుంట ఇల్లాలు: ఇండక్షన్. అందరూ దానిమీదే కదా చేస్తారు?

పలమనేరు: అదీ సంగతి. ఇండక్షన్ కింద తీగచుట్ట ఎంత ఉందో అంతమేరే పెనం వేడెక్కుతుంది, పోత ఇనుములో ఆ వేడి అంచులదాకా త్వరగా పాకదు. నూనె గట్టి పొరగా మారాలంటే పొగ వచ్చేంత వేడి తగలాలి, అంచుల్లో అది తగల్లేదు కాబట్టి సగం మారి బంకగా ఆగిపోయింది. వేడి నీళ్ళు, సబ్బు, పీచుతో ఆ బంకంతా తీసేయండి, సబ్బుకి భయపడకండి. పొయ్యి మీద తడి పూర్తిగా ఆర్చి, చెంచా నూనె రాసి, పొడిగుడ్డతో అసలు రాయనట్టే తుడిచేయండి. గ్యాస్ మీద సన్న మంటతో మొదలుపెట్టి, పెనాన్ని జరుపుతూ అంచులకి కూడా మంట తగలనివ్వండి. పొగ వచ్చి తగ్గాక ఆపండి. ఇట్లా మూడుసార్లు. కాలే పెనం మీద చన్నీళ్ళు మాత్రం పోయొద్దు, పగిలిపోతుంది.

మంగళం రోడ్డు: నూనె ఎక్కువైందనే నేనూ చెప్పింది.

కొర్లగుంట ఇల్లాలు: రాత్రి పక్కింటి వాళ్ళ గ్యాస్ మీద చేశాను. మూడో దోసె నుంచి లేచింది. థాంక్స్, పనిలో ఉన్నాను.

పీలేరు రైతు: ఏ నూనె వాడారమ్మా?

పుత్తూరు: ఇందులో చింతపండు పులుసు ఎన్నాళ్ళకి చేసుకోవచ్చు? పులుపుకి ఆ పొర పోతుందంటారు.