స్థానిక చిత్రోత్సవంలో ఫాంటసీ చిత్రాలకు అర్ధరాత్రి ఆటలేనా?

వెన్నెలరేయి:
మా స్థానిక చిత్రోత్సవం ఈసారి ఐదు ఫాంటసీ చిత్రాలను ఎంపిక చేసి, ఐదింటినీ రాత్రి పది దాటాక వేసే ఆటలకే కేటాయించింది. ప్రధాన విభాగంలో ఒక్కటి కూడా లేదు. మాయలూ రాక్షసులూ ఉన్నంత మాత్రాన ఒక చిత్రం పగటి వెలుగుకు పనికిరానిదైపోతుందా? 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో ‘పాతాళభైరవి’ని ప్రదర్శించారు. ఆనాటివారికి లేని చిన్నచూపు మనకెందుకు వచ్చిందో ఇక్కడి సభ్యులు చెప్పాలని కోరుతున్నాను.

నేలటికెట్టు:
‘పాతాళభైరవి’ జానపద చిత్రం. కాశీమజిలీ కథల నుంచి పుట్టిన ఆ కథలోని మాంత్రికుడూ, సాహసం చేసే కుర్రవాడూ, కోరిన వరాలిచ్చే శక్తీ ప్రేక్షకులకు చిన్ననాటి నుంచీ తెలిసినవే. ఒక రచయిత తానే కొత్త లోకాన్ని కల్పించి, దానికి కొత్త నియమాలు పెట్టి తీసే ఫాంటసీ వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి వాదించడం సరికాదు.

వెన్నెలరేయి:
పేరు ఏదైనా చూసేవాడి మనసులో జరిగే పని ఒక్కటే. జరగదని తెలిసినదాన్ని కళ్లెదుట జరుగుతుండగా నమ్మడమే ఆ పని. 1902లో ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ తన చిత్రంలో చంద్రుడి కంట్లో తూటాలాంటి నౌకను దింపినప్పుడూ, 1957లో ‘మాయాబజార్’ ఘటోత్కచుడు శశిరేఖగా మారినప్పుడూ ప్రేక్షకుడు చేసింది అదే. జానపదమైతే గౌరవించి, ఫాంటసీ అయితే అర్ధరాత్రికి నెట్టే తేడా ఎక్కడుందో మీరు చూపలేదు.

నేలటికెట్టు:
తేడా ఉంది, చెప్పాను కూడా. ఘటోత్కచుణ్ణి ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. కొత్త లోకాన్ని మాత్రం మొదటి అరగంటా వివరించాల్సి వస్తుంది.

ఛాయ:
ప్రశ్న ఆట వేళ గురించి కదా, ఇద్దరూ పేరు దగ్గరే ఆగిపోయారు.

మూడోవరుస:
వేళ సంగతి పక్కన పెడితే, నా ఫిర్యాదు ఉపశీర్షికల గురించి. రెండో రాత్రి చిత్రంలో సగం కథ మంచులో నడిచింది. తెల్లని మంచు మీద తెల్లని అక్షరాలు పడితే ఎవరు చదవగలరు? ఫాంటసీలో మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ అన్నీ కొత్తవే కనుక, ఒక్క వాక్యం తప్పిపోయినా ఎవరు ఎవరి శత్రువో తెలియదు. అక్షరాలకు నల్ల అంచు పెట్టి ఉంటే సరిపోయేది.

వెన్నెలరేయి:
మూడోవరుస గారూ, నేనూ ఆ ఆటలోనే ఉన్నాను, మీ మాట నిజం. అయితే నా బాధ ఇంకొకటి. పదకొండేళ్ల మా అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. నెల రోజులుగా ఎదురుచూసిన పిల్ల చివరి ఘట్టానికి ముందే నా భుజం మీద నిద్రపోయింది. ఆ చిత్రం ఆ వయసు వారి కోసమే తీసినది. నేలటికెట్టు గారు ఎన్ని విభజనలు చేసినా, వాటి వెనుక ఊహ అంటేనే చులకనభావం ఉన్నట్టు నాకు తోస్తోంది.

నేలటికెట్టు:
నాకు చులకన అని మీరు ఎలా నిర్ణయించారు? ఇంతవరకూ చెప్పదలచుకోలేదు కానీ, ఇక చెబుతాను. రెండేళ్ల క్రితం వేరే ఉత్సవానికి ఎంపిక సంఘంలో పనిచేశాను. పడవ నడిపేవారి జీవితం మీద ఒక కొత్త దర్శకురాలు నాలుగేళ్లు కష్టపడి తీసిన చిత్రానికి సాయంత్రం ఆట ఇచ్చాం. చివరి వారంలో అప్పటికే పేరు మోసిన ఒక ఫాంటసీ చిత్రం దొరకడంతో, హాలు నిండుతుందని నిర్వాహకులు ఆ ఆటను దానికిచ్చి, పడవల చిత్రాన్ని పనిదినం ఉదయం తొమ్మిదికి మార్చారు. ఏడుగురం చూశాం. ఆ ఏడుగురిలో దర్శకురాలూ ఒకరు. ఆ ఫాంటసీ చిత్రం తర్వాత అందరికీ అందుబాటులోకి వచ్చింది, పడవల చిత్రం మళ్లీ ఎక్కడా తెర మీద కనబడలేదు.

ఛాయ:
ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే బాగుండేది.

వెన్నెలరేయి:
ఆమెకు జరిగింది అన్యాయమే. అయితే ఆ ఆటను మార్చింది నిర్వాహకులు, ఫాంటసీ కాదు. 2002లో బెర్లిన్ ఉత్సవం తన అత్యున్నత పురస్కారమైన స్వర్ణ భల్లూకాన్ని ‘స్పిరిటెడ్ అవే’కూ ‘బ్లడీ సండే’కూ కలిపి ఇచ్చింది. ఒకటి దేవతలు స్నానానికి వచ్చే మాయలోకపు యానిమేషన్ చిత్రం, మరొకటి 1972లో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నగరంలో ఊరేగింపుపై బ్రిటిష్ సైనికులు జరిపిన కాల్పుల కథ. రెంటినీ ఒకే పీఠం మీద నిలబెట్టడం సాధ్యమేనని అక్కడ రుజువైంది.

నేలటికెట్టు:
మంచి ఉదాహరణే ఇచ్చారు. ఆ రెంటిలో ఇక్కడి సభ్యులు ఎంతమంది దేన్ని చూశారో అడగండి. పురస్కారం సమానంగా పంచినా ప్రేక్షకులు సమానంగా రారు. అందుకే ఉత్సవం తన పరిమితమైన ఆటలను మరో దారి లేని చిత్రాలకు ముందుగా ఇవ్వాలంటాను. నాణ్యతలో ఫాంటసీ తక్కువదని నేను ఎక్కడా అనలేదు.

వెన్నెలరేయి:
మీరు మరో దారి లేని చిత్రం గురించి ఆలోచిస్తున్నారు, నేను మరో దారి లేని ప్రేక్షకుడి గురించి ఆలోచిస్తున్నాను. డ్రాగన్ రెక్క విప్పగానే మూడు వందల మంది ఒకేసారి ఊపిరి బిగబట్టడం ఇంట్లో చిన్న తెర ముందు మా అమ్మాయికి దొరకదు. అది దొరికే చోటు ఇదొక్కటే. ఆ ఐదింటిలో రెండు తొలి ప్రయత్నాలని, వాటికీ మరో దారి లేదని కూడా గమనించండి.

నేలటికెట్టు:
ఆ రెండింటి సంగతి నాకు తెలియదు. వాటికి పగటి ఆట కోరడం న్యాయమే. సాయంత్రం ఆటలను మాత్రం వదులుకోమంటే నేను ఒప్పుకోను. శని, ఆదివారాల ఉదయం పిల్లల చిత్రాలకు ఇమ్మని మీరు రాస్తే, కింద నా సంతకం కూడా ఉంటుంది.

మూడోవరుస:
ఆ ఉత్తరంలో ఉపశీర్షికల నల్ల అంచు గురించి కూడా ఒక వాక్యం చేర్చండి.